స్కానింగ్ మిషను మీద కర్చీఫు

ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎవరైనా మీతో "ఖాళీ లేదు" అంటే కంప్యూటర్ వంక చూడకండి. కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు వేసి, తలుపు తీసి చూడండి. నా సర్వీసు మొత్తంలో నేను నేర్చుకున్న విద్య ఇంతే. దీనికి నెలనెలా జీతం కూడా ఇచ్చారు.

హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో, స్కానింగ్ విభాగం అపాయింట్‌మెంట్ల కౌంటర్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి మియాపూర్ వచ్చి పడ్డాం. ఇంట్లో ఊరికే కూర్చోలేక నేనూ ఉద్యోగంలో చేరాను. తల దగ్గర్నుంచి కాళ్ళ దాకా ఎవరికి ఏ స్కాన్ కావాలన్నా ముందు నా ముఖం చూడాల్సిందే. నా ముఖం అంత చూడముచ్చటగా ఏమీ ఉండదు కాబట్టి జనం కూడా పేరు, వయసు, నొప్పి చెప్పేసి త్వరగా కూర్చునేవారు.

నా కౌంటర్ పక్క తలుపు తీస్తే ఎమ్మారై గది. దాన్ని నడిపే టెక్నీషియన్ కొండాపూర్ మనిషే. అక్కడ టవర్లు లేవకముందు నుంచి వాళ్ళది ఆ ఊరే. ఆ మిషను లోపల పడుకుంటే చెవులు చిల్లులు పడేలా మోత. ఎంతటి మొనగాడైనా బెదిరిపోతాడు. ఈయన మాత్రం అందరికీ ఒకటే మాట చెప్పేవాడు. "లోపల డప్పులు మోగుతయి. భయపడకుండ్రి. ఎవరిదో పెండ్లి బారాత్ పోతున్నదనుకోండ్రి." ఆ మాటతో సగం మంది నవ్వుతూ లోపలికి వెళ్ళేవారు.

అంతా బాగానే జరుగుతుండగా ఆస్పత్రి ఒక యాప్ పెట్టింది. చుట్టుపక్కల ఐటీ కంపెనీలతో ఒప్పందం కుదిరింది. వాళ్ళ ఉద్యోగులు ఫోన్లోనే స్కాన్‌కు టైము తీసుకోవచ్చు. అందులో 'హోల్డ్' అని ఒక బటన్ ఉంది. డాక్టర్ చీటీ లేకపోయినా, పైసా కట్టకపోయినా, దాన్ని నొక్కితే ఆ టైము మీ పేరున ఉండిపోతుంది. చీటీ తర్వాత తీరిగ్గా చూపించుకోవచ్చు. ప్రతి వారం అదే టైము కావాలన్నా ఒక టిక్కు పెడితే చాలు. ఎమ్మారై ఎవరికైనా ప్రతి వారం ఎందుకు కావాలో నాకు అర్థం కాలేదు. ఆఫీసుల్లో మీటింగు గదులు బుక్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌కే కాస్త రంగు మార్చి మాకు అంటగట్టారని తర్వాత తెలిసింది.

దానికి తోడు ఒక తాళం. వెనకెప్పుడో ఎవరో సిబ్బంది తెలిసినవాళ్ళకు చాటుగా స్కాన్లు తీశారట. అందుకని ఏ పేరున టైము ఉందో ఆ పేరు మీద నేను కౌంటర్‌లో 'వచ్చారు' అని నొక్కితేనే లోపల మిషను తెరుచుకుంటుంది. ఆ మనిషి రాకపోతే ఆ టైము అయిపోయేదాకా ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒప్పందంలో అలా రాసుకున్నారు.

కొన్నాళ్ళకే మా వెయిటింగ్ మూడు వారాలకు చేరింది. వెయిటింగ్ హాలులో పెద్ద టీవీ పెట్టి అందులో ఆ సంగతి ఎర్ర అక్షరాలతో చూపించేవారు. అది మా మేనేజరు ఏర్పాటు. ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఆస్పత్రికి వచ్చిన కుర్రాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే దాహం వేసినా ముందు ఒక మీటింగు పెట్టి, తర్వాత మంచినీళ్ళు తాగే రకం.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఫోన్ చేసి, మూడు వారాలు ఆగేసరికి నేనుంటానో పోతానో అని నన్ను దులిపేసింది. ఆ కోపం ఎవరి మీదైనా తీర్చుకుందామని నేను ఎమ్మారై గది తలుపు తోసుకుని వెళ్ళాను. మిషను ఖాళీగా ఉంది. దాని ముందు అద్దాల గదిలో మా టెక్నీషియన్ స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు.

"ఏమయ్యా, బయట మూడు వారాల క్యూ ఉంటే నువ్వు ఇక్కడ చిక్కుడుకాయలు ఒలుస్తున్నావా?" అన్నాను.

"క్యూ ఏడున్నది మేడం? కంప్యూటర్ల పేర్లు వస్తున్నయి, మనుషులు వస్తలేరు. పొద్దుగాల ఇద్దరు ముగ్గురు వచ్చిండ్రు. ఇగ గప్పటి సంది గిట్లనే కూసున్న."

చిక్కుడుకాయల సంగతి కూడా చెప్పాడు. వాళ్ళావిడ కొండాపూర్‌లో ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడుతుంది. ఆ వీధిలో ఆవిడ కుట్టు అంటే మంచి పేరు. ఈమధ్య ఆవిడ కుడిచేతిలో సూది నిలవడం లేదు. టీ కప్పు జారిపోతోంది. చిక్కుడుకాయ ఈనె తీయడం కూడా చేతకావడం లేదు. కస్టమర్లు ఇచ్చిన గుడ్డలు మూటలు మూటలుగా అలాగే పడి ఉన్నాయి. మా ఆస్పత్రిలోనే సర్జన్‌కు చూపిస్తే, మెడ దగ్గర నరాలు నొక్కుకుపోతున్నట్టున్నాయి, స్కాన్ తీయించుకుని వెంటనే రమ్మన్నాడు. ఆలస్యమైతే చెయ్యి మళ్ళీ రాకపోవచ్చని కూడా చెప్పాడు. అయితే ఆ డాక్టర్ కంప్యూటర్‌లో ఉన్నవి రెండే గడులు, 'అత్యవసరం', 'మామూలు'. ఆవిడ తన కాళ్ళ మీద నడిచి వచ్చింది కాబట్టి మామూలు అని నొక్కాడు. మామూలు అంటే మూడు వారాలు. సిబ్బంది పథకం కింద ఆపరేషన్ జరగాలంటే స్కాన్ కూడా మా ఆస్పత్రిలోనే తీయాలి. బయటిది చెల్లదు.

"చెర్వుల నిలవడి నీళ్ళకు ఏడ్చినట్టున్నది మేడం నా పని," అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గానీ, గిన్నెలోకి చూస్తూ అన్నాడు.

ఆ సాయంత్రమే నేను హోల్డ్ పెట్టినవాళ్ళకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఆ ఫోన్లు గనక చేయకపోయి ఉంటే మనుషుల మీద నాకు ఇంకా కొంత గౌరవం మిగిలి ఉండేది. ఒకబ్బాయి తనకు నొప్పేమీ లేదనీ, అప్రైజల్ తర్వాత వచ్చే సూచనలున్నాయనీ చెప్పాడు. ఒక మేడమ్‌గారు తన టీము మొత్తానికి మంగళవారం భోజనాలయ్యాక గంటలన్నీ ఏడాది పొడవునా పట్టి పెట్టిందట. వాళ్ళ ఆరోగ్యం మీద తనకు శ్రద్ధ ఉందని పైవాళ్ళకు చూపించాలట. ఇంకొకాయన, తమ ఫ్లోర్‌లో అందరూ పెడుతుంటే తనూ పెట్టానన్నాడు. దేనికని అడిగితే, తెలియదు, మీకు తెలిస్తే చెప్పండి అన్నాడు. ఒకమ్మాయి తన స్కాన్‌ను వచ్చే క్వార్టర్‌కు జరపమంది. ఏ భాగానికి స్కాన్ అమ్మా అంటే, అది అప్పుడు డిసైడ్ చేద్దామంది. వీళ్ళందరిలో నిజాయితీపరుడు ఒకడున్నాడు. "మూడు వారాల వెయిటింగ్ ఉందటగా అండీ. రేపు నిజంగా నడుం పట్టేస్తే అప్పుడు దొరకదు కదా," అన్నాడు.

వెయిటింగ్ ఉందని వీళ్ళు పట్టి పెట్టుకుంటున్నారు. వీళ్ళు పట్టి పెట్టుకోవడం వల్ల వెయిటింగ్ ఉంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఏమిటో నాకు ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

మర్నాడు మియాపూర్‌లో బస్సు ఎక్కుతుంటే కిటికీలోంచి ఎవరో ఒక సీటు మీదకు కర్చీఫు విసిరారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మనిషి ఇంకా కింద సోడా తాగుతుంటాడు, సీటు మీద ఆయన కర్చీఫు కూర్చుని ఉంటుంది. మనమూ గౌరవిస్తాం, పక్కన నిలబడతాం. కానీ బస్సు కదిలిందంటే మాత్రం ఆ కర్చీఫుకు దిక్కు లేదు. ఎవరో ఒకరు దాన్ని తీసి కిటికీ అంచున పెట్టి కూర్చుంటారు. ఎవరూ తప్పుబట్టరు. కర్చీఫు సొంతదారు కూడా తప్పుబట్టడు. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అందరూ ఒప్పుకున్న చట్టం అది. మా ఎమ్మారై మిషను నిండా కర్చీఫులే. బస్సు మాత్రం ఖాళీగా తిరుగుతోంది.

ఇదే మాట మేనేజరుతో చెప్పాను. స్కాన్ టైముకు మనిషి రాకపోతే చీటీతో వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్ళలో ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళను పంపేద్దాం అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఈ పద్ధతి ఇంతకుముందు ఎక్కడైనా అమలు చేశారా అని అడిగాడు.

"సిటీ బస్సులో చేశారు బాబూ. నేను పుట్టకముందు నుంచీ," అన్నాను.

డేటా అలా చెప్పడం లేదు మేడం అన్నాడాయన. డేటాను పక్కన పెట్టి ఒక్కసారి గదిలోకి వచ్చి చూడమన్నాను. తప్పకుండా వస్తానని క్యాలెండర్ తీశాడు. పక్క గదిలోకి రావడానికి ఆయనకు ఆ వారంలో ఖాళీ దొరకలేదు. టెక్నీషియన్ భార్య విషయం కూడా చెప్పాను. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారని నొచ్చుకుంటూనే కాదన్నాడు.

ఈలోగా ఆ ఎర్ర అక్షరాలు పైవాళ్ళ కంటపడ్డాయి. జనం ఇంతలా ఎగబడుతుంటే ఒక మిషను ఏం సరిపోతుంది, ఇంకొకటి కొందాం అన్నారు. దానికి ముందు ఆస్పత్రి పెట్టిన పెద్దాయన స్వయంగా వచ్చి చూస్తానన్నారు. ఆయన పాతకాలపు డాక్టరు. వైద్యం మానేసి చాలా కాలమైంది గానీ, కళ్ళజోడు పైనుంచి చూసే చూపు మాత్రం ఇంకా మానలేదు.

ఆయన వచ్చే రోజు పొద్దున మేనేజరు మొట్టమొదటిసారి మా వెయిటింగ్ హాలులోకి వచ్చాడు. వరసగా కుర్చీలు, కుర్చీల్లో ఎవరూ లేరు. టీవీలో మూడు వారాలు. ఆయన ముఖం పాలిపోయింది. కాసేపు నిలబడి ఆలోచించి, ఇక ఏదో ఒక నిర్ణయానికి వస్తాడని నేను అనుకుంటుండగా, నిజంగానే ఒక నిర్ణయానికి వచ్చాడు. క్యాంటీన్ మాస్టర్‌ను, గదులు ఊడ్చే ఆడవాళ్ళను, యూనిఫాం విప్పించి సెక్యూరిటీ గార్డును, బిల్లింగ్ అమ్మాయిలను పిలిపించి కుర్చీల్లో కూర్చోబెట్టాడు. మీరంతా పేషెంట్లు అన్నాడు. నొప్పి కనిపించాలి, కానీ అతి చేయవద్దు అన్నాడు.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. లోపలికి వెళ్ళి టెక్నీషియన్‌తో, ఇంటికి పోయి మీ ఆవిడను తీసుకురమ్మన్నాను. ఎందుకని అడగలేదాయన. అరగంటలో ఆవిడ వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

మేనేజరు ఆఖరిసారి హాలంతా కలియజూశాడు. ఊడ్చే ఆవిడ ఒకామె గుండెలు బాదుకుంటోంది, ఆమెను తగ్గించమన్నాడు. క్యాంటీన్ మాస్టర్ ఒకసారి ఎడమకాలు, ఒకసారి కుడికాలు కుంటుతున్నాడు, ఏదో ఒకటి ఖాయం చేసుకోమన్నాడు. టెక్నీషియన్ భార్య దగ్గరకు వచ్చి ఆగాడు. ఆవిడ ఎవరో ఆయనకు తెలియదు.

"ఈవిడ చాలా న్యాచురల్‌గా చేస్తున్నారు మేడం. ఎక్కడి నుంచి తెచ్చారు?" అని నన్ను అడిగాడు.

"బాగా అలవాటున్న మనిషి," అన్నాను.

పెద్దాయన వచ్చారు. హాలు చూసి తృప్తి పడ్డారు. క్యాంటీన్ మాస్టర్ పక్కన కూర్చుని ఎక్కడ నొప్పి అని అడిగితే, మోకాలు సార్ అంటూ అతను మోచెయ్యి చూపించాడు. పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి లేచారు. ఒక స్కాన్ ఎంతసేపు పడుతుందో నాకు చూపించండి, ఎవరో ఒకరికి మొదలుపెట్టండి అన్నారు. ఆ టైము రాయదుర్గం టవర్లలో పనిచేసే ఒక కుర్రాడిది. ఎప్పటిలాగే అతను రాలేదు. అతని హోల్డు మాత్రం మెడ స్కాన్‌కే ఉంది. ఎక్కువమంది మెడకో నడుముకో పెట్టేవారు, ఆ ఉద్యోగాలకు అవే కదా అరిగేవి.

మేనేజరు నా చెవి దగ్గరకు వంగి, ఎవరో ఒకరిని పంపండి, డెమోనే కదా, ఆ అబ్బాయి పేరు మీదే తెరిచేయండి అని గొణిగాడు. ఆయన గొణగడం పూర్తయ్యేలోపు నేను 'వచ్చారు' అని నొక్కాను. చివరి కుర్చీ వైపు చెయ్యి చూపించాను.

ఆ మిషను పెద్ద అయస్కాంతం కదా, ఒంటి మీద లోహం ఉండకూడదు. పుస్తెలు తీసి, పసుపుతాడు ఒక్కటీ ఉంచుకుంది. మెట్టెలు రాకపోతే, గుండెలు బాదుకున్న ఆవిడే వచ్చి సబ్బు రాసి లాగింది. టెక్నీషియన్ తన భార్యను బల్ల మీద పడుకోబెట్టి, దిండు సరిచేసి, నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. రోజూ అందరికీ చెప్పే మాట అది. చివరికి, "మన బారాతే అనుకో," అని మాత్రం అని బయటికి వచ్చేశాడు.

అద్దాల గదిలో తెర మీద బొమ్మలు రావడం మొదలైంది. మా రేడియాలజిస్టు డాక్టరమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఆవిడకు డెమో సంగతి తెలియదు. పెద్దాయన ముందుకు వంగి, కళ్ళజోడు సరిగ్గా పెట్టుకుని చూశారు. డాక్టరమ్మ ఒక బొమ్మ దగ్గర ఆగి, దాన్ని పెద్దది చేసి, మళ్ళీ చూసింది.

"ఈ మనిషిని ఇక నడిపించకండి. ట్రాలీ తెప్పించండి. సర్జన్‌కు నేను ఫోన్ చేస్తాను, ఆపరేషన్ ఇవాళే అవ్వాలి," అంది.

మేనేజరు నా పక్కన నిలబడి, "సూపర్ మేడం, డాక్టర్‌గారు కూడా బాగా కోఆపరేట్ చేస్తున్నారు," అన్నాడు.

అప్పుడు చెప్పాను ఆయనకు, ఆవిడ ఎవరో. ఆయన నుదుటి మీద చెమట తుడుచుకుని, ట్రాలీ కోసం తనే పరిగెత్తాడు. అందుకే ఆయన చెడ్డవాడు కాదన్నాను. పెద్దాయన మాత్రం ఇంత ఆలస్యంగా వచ్చే కేసులున్నాయంటే రెండో మిషను ఎప్పుడో కొనాల్సిందని నొచ్చుకుని, సంతకం పెట్టేసి విమానానికి వెళ్ళిపోయారు.

కథ ఇక్కడ అయిపోతే నేను ఇంత రాసేదాన్ని కాదు.

డాక్టరమ్మ తన పని తాను చేసింది. రిపోర్టు రాసి, 'అత్యవసరం' అని గుర్తు పెట్టింది. ఆవిడకు కనిపించింది మెడ ఎముకలు. మెడ ఎముకలకు మీసాలుండవు కదా, ఆడో మగో తెలియడానికి. మా యాప్ కూడా తన పని తాను చేసింది. ఆ రిపోర్టును తక్షణమే పేషెంటు ఫోనుకు పంపింది. అంటే రాయదుర్గం కుర్రాడికి. వెన్నుపాము నొక్కుకుపోయింది, కదలకుండా వెంటనే ఆస్పత్రికి రండి అని.

వచ్చేశాడు. దారిలో మందుల షాపులో మెడ పట్టీ కొని పెట్టుకున్నాడు. ఇద్దరు స్నేహితులు చెరోవైపు తల పట్టుకుని, నిండుకుండను మోసుకొస్తున్నట్టు అడుగులో అడుగు వేయిస్తూ తెచ్చారు. గోదావరి జిల్లా పిల్లాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. ఎమర్జెన్సీలో అప్పటికే బెడ్ కూడా ఇచ్చేశారు. సంగతి తెలిసి నేను పరుగున వెళ్ళాను.

"నువ్వు ఇవాళ స్కాన్ చేయించుకున్నావా నాయనా?" అని అడిగాను.

"యాప్‌లో కంప్లీటెడ్ అని ఉందండీ," అన్నాడు.

"యాప్ సరే. నువ్వు వచ్చావా?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. రాలేదేమోనండీ అన్నాడు చివరికి. నీకేం జబ్బు లేదు, అది వేరే ఆవిడ రిపోర్టు అని విడమరచి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. అతని ముఖంలో సంతోషానికి బదులు అనుమానం కనిపించింది. మరి నా చెయ్యి తిమ్మిరిగా ఉందేమిటండీ అన్నాడు. ఆ ఫోనును అంత బిగించి పట్టుకుంటే ఎవరికైనా తిమ్మిరెక్కుతుంది.

అతన్ని సముదాయించి పైకి వచ్చేసరికి అక్కడ ఇంకో గొడవ. సర్జన్ సిద్ధంగా ఉన్నాడు, థియేటర్ సిద్ధంగా ఉంది. కానీ స్కాన్ ఒక మగపిల్లాడి పేరున ఉంది. మెడ కోయాల్సిన మనిషి పేరు, స్కాన్ మీద పేరు ఒకటి కాకపోతే కత్తి పట్టనన్నాడు సర్జన్. ఆయన్ని తప్పు పట్టలేం. పేరు మార్చమని కంప్యూటర్ విభాగాన్ని అడిగితే, కంప్లయింటు పెట్టండి, మూడు పని దినాల్లో చూస్తామన్నారు. పోనీ ఆవిడ పేరున ఇంకోసారి స్కాన్ తీద్దామంటే టైము దొరకదు; ఆవిడ పేరున ఒకసారి పడ్డ 'మామూలు' ఇక మారదు, మామూలుకు వెయిటింగ్ మూడు వారాలు. మేనేజరు ముగ్గురికి ఫోన్లు చేశాడు, ముగ్గురూ మీటింగుల్లో ఉన్నారు. పెద్దాయన విమానంలో ఉన్నారు. టెక్నీషియన్ ట్రాలీ కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. ఆ గంట నాకు చాలా భయమేసింది. తెలివైన పని చేశాననుకుని, ఆవిడ చేతిని నేనే పోగొట్టానేమో అనిపించింది.

ఆ కుర్రాడు మెడ పట్టీ తీసేసి, దాన్ని చేత్తో పట్టుకుని మా వెనకే పైకి వచ్చాడు. చూసి పోదామని వచ్చాడో, నమ్మకం కుదరక వచ్చాడో తెలియదు. ట్రాలీ మీద పడుకున్న ఆవిడ అతన్ని చూసి ఎవరని భర్తను అడిగింది. ఆయన చెప్పాడు.

"తమ్మీ, నీ పేరు మీద నేను పండుకున్ననట. ఏమనుకోకు. నిన్ను మస్తు పరేషాన్ చేసినం," అంది.

ఆ పిల్లాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గోడకు ఆనుకుని కూర్చుని ఫోన్ తీశాడు. మా యాప్‌లో మాకే తెలియని మూలల్లోకి వెళ్ళి వెతికాడు. ఎక్కడో అడుగున, రిపోర్టును కుటుంబ సభ్యులకు బదిలీ చేసుకునే వీలు ఒకటి ఉంది. ఆవిడ ఆస్పత్రి నంబరు అడిగి ఎక్కించాడు. మీకు ఏమవుతారు అని అడిగింది యాప్. ఆ వరసలో మొట్టమొదట ఉన్నది 'భార్య'. తొందరలో వేలు దాని మీదకే పోయింది.

"ఏయ్, జర కిందికి పో," అన్నాడు టెక్నీషియన్.

కిందికి వెళ్ళి 'అక్క' అని నొక్కాడు. నా కంప్యూటర్‌లో స్కాన్ ఆవిడ పేరు మీదకు వచ్చి కూర్చుంది. ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది. సర్జన్ బొమ్మలు మరోసారి చూసుకుని, పేరు సరిచూసుకుని, ఆవిడను లోపలికి తీసుకెళ్ళాడు.

ఆ సాయంత్రం థియేటర్ బయట బెంచీ మీద చూసిన దృశ్యం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. యాప్ లెక్కలో ఆ పిల్లాడు ఆవిడకు సొంత తమ్ముడు. అందుకని లోపల ఏం జరిగినా కబురు అతని ఫోనుకే వస్తోంది. కట్టుకున్న భర్తకు ఏమీ రావడం లేదు. మత్తు ఇచ్చారని ఒకటి, మొదలుపెట్టారని ఒకటి. ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఆ కుర్రాడు చదివి వినిపించడం, ఈయన తల ఊపడం. మధ్యలో ఒకసారి టింగుమంటే ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. ఆఫీసు నుంచి, మీటింగుకు ఎందుకు రాలేదని. అతను ఆ ఫోనులోనే, అక్కకు ఆపరేషన్ జరుగుతోంది, రాలేను అని టైపు చేశాడు. అబద్ధం ఆడుతున్నట్టు లేదు ఆ ముఖం. నేను కౌంటర్ వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చాను. నవ్వు కూడా వచ్చింది, రెండూ కలిసే వచ్చాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. చెయ్యి నెమ్మదిగా వస్తుంది, పూర్తిగా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను అన్నాడు సర్జన్.

తర్వాతి సంగతులు మీరు ఊహించగలరు. హోల్డ్ బటన్ తీసేశారు. టైముకు మనిషి రాకపోతే బెంచీ మీద ఉన్నవాళ్ళను పంపే పద్ధతి పెట్టారు. మా మేనేజరు దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి పెట్టి, పెద్ద సభలో తెర మీద బొమ్మలు చూపించి బహుమతి తెచ్చుకున్నాడు. ఆ బొమ్మల్లో బస్సు లేదు. వెయిటింగ్ ఒక పూటకు దిగింది. సరిగ్గా అప్పుడే రెండో మిషను కూడా వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, పక్క గదిలో పెట్టాం. ఆ తర్వాత రెండు మిషన్ల దగ్గరా చిక్కుడుకాయలు ఒలుచుకునేంత తీరిక ఉండేది. ఆ యాప్‌లో కుటుంబ సభ్యులను చేర్చుకునే వీలు ఉంది గానీ, తీసేసే వీలు లేదు. అందువల్ల ఆవిడ చెకప్పు ఎప్పుడున్నా ముందుగా ఆ పిల్లాడికే తెలిసేది. అతనే ఫోన్ చేసి, అక్కా రేపు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి అని గుర్తుచేసేవాడు. ఒక్కోసారి వెంట వచ్చేవాడు కూడా.

నా రిటైర్మెంటు దగ్గర పడుతుండగా ఆవిడ నా కౌంటర్ దగ్గరకు వచ్చి, నాకొకటి కుట్టిస్తానని, కొలతకు ఆది జాకెట్టు ఇమ్మని అడిగింది. ఆపరేషన్ తర్వాత ఇంకా ఎవరికీ ఏమీ కుట్టలేదట. వాళ్ళాయన నన్ను పక్కకు పిలిచి, పాత గుడ్డ ఏదైనా ఇవ్వండి మేడం, చెయ్యి ఇంకా సక్కగ లేదు, ఖరాబ్ అయితది అన్నాడు. నేను ఇంటికి వెళ్ళి, రిటైర్మెంటు రోజుకని కొనుక్కున్న పట్టుచీరకు వచ్చిన జాకెట్టు గుడ్డ తెచ్చి ఇచ్చాను.

కుట్టి తెచ్చింది. విప్పి చూశాను. ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. హుక్కులు ఒక వరసలో లేవు. ఆవిడ నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"ఇయ్యుండ్రి అమ్మా, ఇప్పి మళ్ళ కుడుత. వేళ్ళు ఇంకా జర మాట వింటలేవు," అంది.

ఇవ్వలేదు నేను. ఫంక్షన్ రోజున అదే వేసుకున్నాను. శాలువా కప్పారు, పూలదండ వేశారు, మేనేజరు నా గురించి ఇంగ్లీషులో చాలా చెప్పాడు. ఆవిడ తన భర్త పక్కన, ముందు వరసలో కూర్చుని, ఏ మాటా వినకుండా నా భుజాల వైపే చూస్తోంది. నేను శాలువా తీసి కుర్చీ మీద పెట్టాను. ఫొటోలన్నీ అయిపోయేదాకా కొంగు కూడా కప్పుకోలేదు.